నిలబడ్డ సీసా

శుక్రవారం పొద్దున్నే నిదానంగారు ఇంటి కిందున్న నేలమాళిగలోకి దిగి, పడుకుని ఉన్న మూడు సీసాల్లో ఒకదాన్ని లేపి నిలబెట్టారు. ఆయన చేసిందల్లా అంతే. మర్నాడు పెళ్ళిరోజు. భార్యా తనూ ఎదురెదురుగా కూర్చుని చెరో గ్లాసు వైను తాగాలని ఆయన వేసుకున్న పథకం కూడా అంతే.

నిదానంగారిది బీమా ఆఫీసులో ఉద్యోగం. పాలసీదారులు పోయాక వచ్చే కాగితాలన్నీ ఆయన బల్ల మీదికే చేరతాయి. నిదానం అన్నది జనం పెట్టిన పేరు, అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా కనపడదు. కొత్త చొక్కా కొంటే ఏడాదిపాటు బీరువాలో పెట్టి, దానికి ఇల్లు అలవాటయ్యాక గానీ తొడుక్కోరు. ఫోను మోగితే, అది నిజంగా తమకోసమే మోగుతోందని నమ్మకం కుదిరాక తీస్తారు. అలాంటి మనిషి కాబట్టే పెళ్ళైన ఏడాది ఆరు సీసాల ఎర్ర వైను కొని ఇన్నేళ్ళు దాచగలిగారు. "ఇది ఇప్పుడు తాగేది కాదండీ, దాచుకునేది" అన్నాడట అమ్మినవాడు. మరి ఎప్పుడు తెరవాలని అడిగితే, "టైమొచ్చినప్పుడు అదే చెబుతుంది" అని దుకాణం తలుపు మూసేశాడట.

అది ఏనాడూ చెప్పలేదు. అందుకని అప్పుడొకటీ అప్పుడొకటీ ఆయనే తెరిచి చూశారు. మొదటిది తెరిచిన పూటే మేనమామ పోయినట్టు కబురొచ్చింది. కొన్నేళ్ళ తర్వాత రెండోది తెరిస్తే, గ్లాసు పెదవికి ఆనకముందే ఎదురింటి దర్జీ మిషను మీదికి ఒరిగిపోయాడు. మూడోదానికి ఆఫీసు క్యాషియరు. మూడుసార్లూ వైను పచ్చిగా, నాలుక పట్టేసేలా ఉంది. "ఇంకా టైము రాలేదు" అని నిదానంగారు వైను గురించి అనుకున్నారు గానీ పోయినవాళ్ళ గురించి ఏమీ అనుకోలేదు. చావులు ఆయన బల్ల మీదికి రోజూ వచ్చేవే. వాటిలో ఆయన వెతికేది సంతకం ఒక్కటే.

ఆ మూడింటినీ కలిపి చూసింది మరదలు. శుక్రవారం మధ్యాహ్నం అక్కగారి నిచ్చెన అడగడానికి వచ్చి, నేలమాళిగలోకి దిగి, నిచ్చెన లేకుండానే పైకొచ్చింది.

"అక్కా, కింద ఒక సీసా నిలబడి ఉంది."

"రేపటికి. మడ్డి అడుక్కి దిగాలంటే ఒక రోజు ముందు నిలబెట్టాలట. మీ బావ నిలబెట్టారు."

"ఎవరికోసం?"

"మా ఇద్దరికోసమే."

"తాగేవాళ్ళని కాదే నేనడిగేది. ఈసారి పోయేదెవరని!"

సాయంత్రానికి చుట్టాలందరికీ తెలిసిపోయింది. ఒకటే మాట, సీసా నిలబడిందట. మొదటి ఫోను పిన్నిగారిది. "నాయనా, బుధవారం నాకు మోకాలి ఆపరేషను. అప్పటిదాకా దాన్ని పడుకోబెట్టు. మీ పిన్నిని కాదనకు." నిదానంగారు వెళ్ళి పడుకోబెట్టారు. అంతలో తోడల్లుడి ఫోను. "అన్నయ్యా, పడుకోబెడితే కోపం వస్తుందేమో? రెచ్చగొట్టకు, నిలబెట్టే ఉంచు." ఆయన మళ్ళీ వెళ్ళి నిలబెట్టారు. మడ్డి అంతా లేచి, సీసా లోపల నల్లటి పొగలా తిరిగింది.

ఇంతలో పక్కవీధి పెద్దమనిషి ఒకాయన గేటు దగ్గర నిలబడి గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతకీ అది మనం చెప్పినవాళ్ళకి పనిచేస్తుందాండీ? ఊరికే, తెలుసుకుందామని. మా మామగారు మాతోనే ఉంటున్నారు."

ఆయన్ని పంపించి నిదానంగారు మళ్ళీ కిందికి దిగారు.  వేసవిలో కూడా చల్లగా ఉండే గది అది, కానీ ఇవాళ ఆ చలి ఒకే మూల నుంచి వస్తోంది. బల్బు వెలుగు సీసా దాకా వెళ్ళి ఆగిపోతోంది. గాజు వెనక ఎరుపు లేదు, నలుపే. బిరడా చుట్టూ సన్నగా చెమట పట్టినట్టుంది. మిగతా రెండూ గోడవైపు పడుకుని ఉంటే, ఇది ఒక్కటీ పెట్టె సర్దుకుని బండి కోసం చూస్తున్న మనిషిలా నిటారుగా నిలబడి ఉంది. "నేను నమ్మను" అన్నారు నిదానంగారు పైకే. ఎవరితో అన్నారో ఆయనకే తెలియలేదు. లైటు ఆర్పకుండా వచ్చేశారు.

శనివారం పొద్దున ఆఫీసు మేనేజరు స్వయంగా ఇంటికొచ్చాడు. అరికాళ్ళు నేలకి పూర్తిగా ఆనించకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు.

"చూడండి నిదానంగారూ, నేనిలాంటివి నమ్మను."

"నేనూ నమ్మను సార్."

"మంచిది. నమ్మనివాళ్ళం కాబట్టి ధైర్యంగా మాట్లాడుకోవచ్చు. ఈ త్రైమాసికం ముగిసేదాకా ఆ మూత ముట్టుకోకండి. క్లెయిములు ఇప్పటికే హద్దు మీరిపోయాయి. ఇంకొక్కటి వస్తే పై ఆఫీసుకి నేను జవాబు చెప్పలేను. త్రైమాసికం ముగిశాక మీ ఇష్టం. అప్పుడు ఎవరైనా సరే, నాకు అభ్యంతరం లేదు."

తలుపు చాటు నుంచి వింటున్న భార్య అతను వెళ్ళేదాకా ఓపిక పట్టింది. "ఏవండీ, ఇవాళ మన పెళ్ళిరోజు. మీరు ఆ పెట్టె మోసుకొచ్చిన రోజు నా జుట్టు నల్లగా ఉండేది. మనిద్దరం ఉండగా ఒక్కసారి, కలిసి, ఒక్క గ్లాసు తాగాలని అడిగాను. అంత పెద్ద కోరికా?"

"కాదు. కానీ ఎవరికైనా ఏదైనా..."

"అదిగో, మళ్ళీ కానీ!"

ఆ మాట పూర్తికాకముందే వాకిట్లో టాక్సీ ఆగింది. భార్యకి మేనత్త, తొంభై దాటిన మనిషి, చేతికర్ర ఊపుకుంటూ దిగింది. వెనక డ్రైవరు చిన్న పెట్టె పట్టుకొచ్చాడు. ఆవిడ అప్పటికే పిల్లిని పక్కింటివాళ్ళకి అప్పజెప్పింది, పాలు ఆపించింది, లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చేసింది.

"ఎవరికోసం, ఎవరికోసం అని పొద్దుట్నుంచీ ఒకటే ఫోన్లు" అంది మేనత్త. "మీరంతా తగువులాడుకోకండి. నాకోసం తెరువు అల్లుడూ. ఎదురుచూసి ఎదురుచూసి విసుగెత్తింది."

మధ్యాహ్నానికి మరదలు, తోడల్లుడు, కర్ర సాయంతో పిన్ని, అందరూ హాల్లో గోడకి ఆనుకుని నిలబడ్డారు. కిటికీ బయట గాలి లేదు. నిదానంగారు బిరడా లాగితే చప్పుడు రాలేదు. పొడుగాటి నిట్టూర్పు వచ్చింది, ఎవరో ఎన్నాళ్ళుగానో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు. మరదలు తన గొంతు తనే పట్టుకుంది. మడ్డి రాకుండా కొవ్వొత్తి వెలుగులో చూసుకుంటూ ఆయన మెల్లగా జగ్గులోకి వంచుతుంటే, మంట ఆయనవైపు కాకుండా మేనత్తవైపు వాలింది.

ఆవిడ గ్లాసెత్తి గడగడా తాగేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఫోను మోగింది.

ఎవరూ కదల్లేదు. ఫోను మోగీ మోగీ ఆగి, మళ్ళీ మొదలైంది. నిదానంగారు తీశారు. అవతల మేనేజరు గొంతు సన్నగా వినిపించింది. "అయిందా? ఎవరు?"

"ఇంకా ఎవరూ లేరు సార్."

మేనత్త ఒక కన్ను తెరిచింది. "ఎంతసేపని కూర్చోమంటావు? నన్ను చూసి జంకినట్టుంది. ఇంకో గ్లాసు పొయ్యి."

ఆ రోజు ఎవరూ పోలేదు. మర్నాడూ పోలేదు. పిన్నిగారి మోకాలు కూడా చక్కగా కుదిరింది. మేనత్త ఉంటే ఏమీ కాదని తేలిపోయింది కాబట్టి చుట్టాలకి ఒక్కసారిగా ధైర్యం వచ్చింది. రెండు వారాలు తిరిగేసరికి అందరూ కలిసి ఐదో సీసా తెరిపించి, ఆవిణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకుని తాగేశారు. ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి, కర్ర మరిచిపోయి తిరగసాగింది. వైను మాత్రం ఎప్పటిలాగే పచ్చిగా ఉందన్నారు. రెండుసార్లూ అందరికీ పోసి వచ్చేసరికి భార్య గ్లాసు దగ్గర జగ్గు ఖాళీ అయిపోయింది. ఆవిడ గ్లాసు కడిగి బోర్లించింది. ఆ బోర్లించిన చప్పుడు నిదానంగారికి చాలా రోజులు వినిపించింది.

మేనేజరు ఆఫీసులో పక్కకి పిలిచి తీర్పు సవరించాడు. "పెద్దావిడ పక్కనుంటే తెరుచుకోండి, ఫర్వాలేదు. ఆవిడ లేకుండా మాత్రం, చెప్పానుగా, త్రైమాసికం ముగిసేదాకా వద్దు."

పెట్టె సర్దుకుని వచ్చిన మేనత్త వెళ్ళనే లేదు. ఫోన్లన్నీ ఇప్పుడావిడే తీస్తోంది.

ఒక ఆదివారం పొద్దున నిదానంగారు నిచ్చెన కోసం కిందికి దిగి, మళ్ళీ మెట్ల దాకా వచ్చి భార్యని పిలిచారు. పిలుపు అరుపులా కాక, గుడ్డ కప్పినట్టు వచ్చింది. ఆవిడ పిండి చేతులతోనే దిగివచ్చింది.

చివరి సీసా నిలబడి ఉంది.

"నువ్వు నిలబెట్టావా?"

"మీరు కాదా?"

"నేను పడుకోబెట్టే ఉంచాను. మీ అత్తయ్యేమో..."

"ఆవిడ ఈ మెట్లు దిగలేదండీ. సగంలోనే తల తిరుగుతుందంటుంది."

చుట్టూ నేల మీద దుమ్ము అలాగే ఉంది. వేలిముద్ర లేదు, అడుగు జాడ లేదు. మడ్డి మొత్తం అడుక్కి దిగి, పైనున్న వైను తేటగా ఉంది. గది మూలలో చలి లేదు. ఇద్దరూ దాన్ని చూస్తూ నిలబడ్డారు. అది కూడా వాళ్ళని చూస్తున్నట్టే ఉంది.

"సాయంత్రం దాకా ఆగి ఆలోచిద్దాం" అన్నారు నిదానంగారు.

"ఇంకా ఏం ఆలోచిస్తారు? టైమొస్తే అదే చెబుతుందన్నాడుగా అమ్మినాయన. లేచి నిలబడింది. ఇంకా నోరు తెరిచి పిలవాలా?"

నిదానంగారు జీవితంలో మొట్టమొదటిసారి దేనికీ ఆగలేదు. భార్య పైకెళ్ళి బిరడా తీసే మర, రెండు టీ గ్లాసులు తెచ్చింది. ఇద్దరూ పాత పెట్టె మీద పక్కపక్కన కూర్చున్నారు. బిరడా మెత్తగా, నిద్రలో ఒత్తిగిలిన పిల్లలా వచ్చింది. మొదటి గుక్కకి వాన వెలిసిన మట్టి, పాత చెక్కపెట్టె, ఎప్పుడో తిని పేరు మరిచిపోయిన పండు. నాలుక పట్టేయలేదు.

"బావుందా?" అన్నారు ఆయన.

"బావుంది. కాస్త ముందు తాగినా ఒప్పుకునేదాన్ని" అంది ఆవిడ, ఆయన భుజానికి ఆనుకుని.

పైన ఫోను మోగింది. నేల మీద అడుగులు మెల్లగా నడిచివెళ్ళాయి. ఫోను ఆగింది.  తర్వాత మెట్ల పైనుంచి మేనత్త గొంతు వచ్చింది.

"అల్లుడూ, నన్ను పిలవకుండా ఏమైనా తెరిచారా? మీ మేనేజరు ఇంటినుంచి ఫోను. పొద్దున గడ్డం గీసుకుంటూ అలాగే పడిపోయాడట, పాపం."

భార్య చేతిలో గ్లాసు గాల్లోనే ఆగింది. నిదానంగారు సీసా వైపు చూశారు. తర్వాత మిగిలినదాన్ని ఇద్దరి గ్లాసుల్లోకీ సమంగా వంచారు.

త్రైమాసికం నిన్నటితో ముగిసింది.