మూడో మడిలో ఓదెలు

ఈ వానాకాలం నుంచి పత్తి పరిశోధన క్షేత్రంలో పురుగుమందు పరీక్షించాలంటే ముందుగా పురుగుల రాతపూర్వక అంగీకారం తీసుకుంటున్నారు. శనగపచ్చ పురుగులు పత్రం మొత్తం చదివి సంతకం పెట్టాయి. చదువు రాని పచ్చదోమలు ముద్ర వేశాయి. ఆరు కాళ్లలో ఏ కాలి ముద్ర చెల్లుతుందో తేలక పని వారం రోజులు ఆగిపోయింది. ముందరి ఎడమ కాలు అని పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అంగీకరించిన పురుగుకు హక్కులున్నాయి. ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చు. ఉంటే మాత్రం, మందు కొట్టాక మూడు రోజులు వరసగా డాక్టరు వచ్చి చూస్తాడు.

ఓదెలు అక్కడ పదకొండేళ్లుగా మందు కొడుతున్నాడు. ఏడాదిగా అతని చూపు మసకబారుతోంది. ఒక్క డాక్టరూ అతన్ని చూసిన పాపాన పోలేదు. ఈ ఏర్పాటు సంగతి విని క్షేత్రాధికారి వామనరావు దగ్గరికి వెళ్లాడు.

"సార్, కండ్లు మసకైతున్నయ్. గా డాక్టరు నన్ను గూడ జర సూస్తడా?"

వామనరావు మంచివాడే. నిజంగానే బాధపడ్డాడు. "రిజిస్టర్లో పురుగులకే కాలమ్ ఉంది ఓదెలూ. నిన్నెక్కడ రాయమంటావ్?"

"అండ్లనే రాయుండ్రి."

పురుగుగా నమోదు కావాలంటే పత్తిని తింటున్నట్టు రుజువు కావాలి. కమిటీ ముందు ఓదెలు పై ఆకు ఒకటి, నడిమి ఆకు ఒకటి, కింది ఆకు ఒకటి నమిలి మింగాడు. క్షేత్రంలో పురుగుల లెక్క ఎప్పుడూ ఆ మూడు ఆకుల మీదే వేస్తారు కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అతన్ని ఆకు తినే పురుగుల్లో చేర్చి మూడో మడి కేటాయించారు. అతను మందు కొట్టే పంపును అతని బావమరిది సమ్మయ్యకు ఇచ్చారు.

మందు కొట్టే రోజు మిగతా పురుగులన్నీ హక్కు వాడుకుని పక్క రైతు చేలోకి వెళ్లిపోయాయి. ఓదెలు కదల్లేదు. కదిలితే డాక్టరు రాడు.

"బావా, కండ్లు మూసుకో," అన్నాడు సమ్మయ్య, ముక్కుకు తువ్వాలు బిగించుకుంటూ.

డాక్టరు మాట తప్పలేదు. రోజూ వచ్చి చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. మూడో రోజు, వాంతులతో సోలిపోయిన ఓదెలు మీదికి వంగి "బతికే ఉంది" అని రాసుకున్నాడు. ఇన్నాళ్లకు తనను ఒకరు పట్టించుకున్నారని ఓదెలుకు ఏడుపొచ్చింది.

మందు పనిచేయలేదని, మోతాదు రెట్టింపు చేసి మళ్లీ పరీక్షించాలని వామనరావు నివేదిక పంపాడు. తర్వాత తనే కొత్త అంగీకార పత్రం పట్టుకుని వచ్చి ఓదెలు పక్కన కూర్చున్నాడు.

"డాక్టరు మల్ల మూడు దినాలొస్తడా సార్?"

"వస్తాడు. రూలు కదా."

ఓదెలు పెన్ను తీసుకుని కాగితం కోసం గాలిలో తడిమాడు.

"ఏడ వెట్టాల్నో జర సూపియ్యుండ్రి సార్," అన్నాడు.

వామనరావు అతని చెయ్యి పట్టి చూపించాడు.