కారు తలుపుకి మందు

ఆదివారం ఉదయం చెంచయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. వాకిట్లో గోడ వారన ఉన్న కూతురి కారును నాలుగు గజాలు వెనక్కి జరిపి, ఖాళీ అయిన సిమెంటు నేల మీద మిగిలిన మిరపకాయలు ఎండబోయాలి. కూతురు నాగజ్యోతి నల్లపాడులో టీచరు. స్నేహితురాళ్ళతో చీరల కోసం చీరాల వెళ్ళింది, సాయంత్రం నాలుగింటికి గాని రాదు. ముప్పై ఏళ్ళుగా ట్రాక్టరు తోలుతున్నవాడికి కారు జరపడం ఒక పని కాదని చెంచయ్య నమ్మకం.

జరిపి దిగేసరికి, అంతవరకూ గోడవైపు ఉన్న ఎడమ తలుపు మీద జానెడు పొడవున గీత కనిపించింది. పక్కనే గేటు స్తంభం. చెంచయ్య వేలితో రుద్ది చూశాడు, పోలేదు. కారు కొన్న మూడు నెలల నుంచీ "గేటు చూసుకో, నీ చేతికి బండి లొంగదు" అని రోజూ పొద్దున్నే కూతురికి పాఠం చెప్పింది ఆయనే. సొంత జీతంతో కొనుక్కున్న పిల్ల ఆ మాటలన్నీ భరించింది. ఇప్పుడీ గీత చూసిందంటే ఆ ఇంట్లో ఆయన ఇంకెవరికీ సలహా ఇవ్వలేడు. సలహాలివ్వకుండా బతకడం చెంచయ్యకు చేతకాదు.

తుడిచి చూద్దామని గుడ్డ కోసం కార్లో వెతికితే ఓ చిన్న అట్టపెట్టె దొరికింది. అందులో రెండు సీసాలు, బోలెడు ఇంగ్లీషు. పక్కింటి ఖాజావలికి పురుగుమందుల కొట్టుంది. ఏ సీసా మీద ఏం రాసుందో వీధి మొత్తానికీ చదివిపెట్టేది అతనే.

"సిరామిక్ కోటింగంట బాబాయ్. చిన్న గీతలు కనపడవంట. గుడ్డ మీద నాలుగు చుక్కలేసి రాయాలి, రెండు నిమిషాల్లో తుడిచెయ్యాలి. ఒక రోజు దుమ్ము తగలకూడదు."

"నాలుగు చుక్కలేంట్రా? కంపెనీవాళ్ళు ఎప్పుడూ తక్కువే రాస్తారు. నీ కొట్లో మందు ఏనాడన్నా వాళ్ళు చెప్పిన కొలతకి పనిచేసిందా?"

ఖాజావలి వ్యాపారస్తుడు. "లేదనుకో" అన్నాడు.

"పైగా రెండు నిమిషాల్లో తుడిచేస్తే అది తాగేదెప్పుడు?"

ఖాజావలి సీసా తిరిగి ఆయన చేతిలో పెట్టేశాడు.

చెంచయ్య ముక్కుకి తువ్వాలు కట్టి, చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడిగి, ఒక సీసా మొత్తం తలుపుకే పట్టించాడు. వాసనకి భార్య వెంకటరావమ్మ బయటికొచ్చింది.

"కారుక్కూడా పురుగు పట్టిందా ఏందయ్యా?"

"ముట్టుకోమాక. తాగనీ."

గంటలో తలుపు ధగధగలాడింది. గీత మాత్రం ఇంకా ఉంది. దానికంటే పెద్ద చిక్కేమిటంటే, ఆ తలుపు వేరే కారుది తెచ్చి బిగించినట్టుంది. ఒక్క తలుపే మెరిస్తే పిల్లకి అనుమానం రాదా? అందుకని రెండో సీసా బానెట్టుకి పోశాడు.

ఇంతలో గాలి లేచింది. దుమ్ము తగలకూడదన్న మాట గుర్తొచ్చి, చేతికందిన టార్పాలిన్ పట్టా తెచ్చి కారంతా కప్పేశాడు. నిన్నటిదాకా ఆ పట్టా మీదే మిరపకాయలు ఎండాయి. మూడింటికి దాన్ని లాగితే రాలేదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి లాగితే ఊడొచ్చింది. తలుపు నిండా, బానెట్టు నిండా మిరప గింజలు, తొక్కలు, తొడిమలు బిగుసుకుపోయి ఉన్నాయి.

సబ్బు పెట్టి కొబ్బరి పీచుతో రుద్దారు. కళ్ళు మండాయి, తుమ్ములొచ్చాయి, గింజ కదల్లేదు. వెంకటరావమ్మ సలహా మీద వేరుశనగ నూనె రాశారు. దాంతో గింజలు కూడా మెరవసాగాయి.

ఖాజావలి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "డోసు ఎక్కువైంది బాబాయ్."

"ఇప్పుడా చెప్పేది?"

నాలుగుంపావుకి నాగజ్యోతి ఆటో దిగింది. కారు చూసింది, ఖాళీ సీసాలు చూసింది, చీరల సంచి పక్కన పడేసి అరుగు మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. చెంచయ్యకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నీకెట్టా తెలిసింది నాన్నా?"

"ఏంటమ్మా?"

"ఆ గీత. గురువారం గేటు దగ్గర నేనే గీసుకున్నా. నువ్వు చూస్తావని గోడవైపు పెట్టా. ఆ సీసాలు తెప్పించింది కూడా అందుకే. నువ్వేమో ఒక్క మాటనకుండా, పొద్దున్నుంచి నాకోసం ఇంత కష్టపడ్డావా?"

ఖాజావలి మెల్లగా తన కొట్టు వైపు నడిచాడు. మూడు నెలల పాఠాలూ గెలిచాయి, పైగా కూతురు చేతులు పట్టుకుని ఏడుస్తోంది. ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ ఏడుపు చూసి చెంచయ్యకు సిగ్గేసింది.

"నీకోసం కాదమ్మా. నేనే గీశాననుకున్నా."

నాగజ్యోతి ఏడుపు ఆగింది. "అంటే, నాకు తెలీకుండా కప్పెట్టేద్దామనుకున్నావా?"

"నువ్వేం చేశావు మరి?"

ముందు నవ్వింది వెంకటరావమ్మ. తర్వాత తండ్రీ కూతుళ్ళు చెరో పీట వేసుకుని, గోళ్ళతో గింజలు గీకడానికి కూర్చున్నారు.

ఎందుకనో ఆ గీత మీద మాత్రం ఒక్క గింజ కూడా అంటుకోలేదు.