పేరు ఒక్కటిస్తే చాలు

క్రిస్టీనా టీచర్ పోయిన రోజు సాయంత్రానికే అమలాపురంలోని మా ఉపాధ్యాయ సంఘం వారి సంతాప తీర్మానం అచ్చయి వచ్చింది. ఆలస్యానికి తావే లేదు. పేరిస్తే తీర్మానం రాసిపెట్టే ఫంక్షన్‌ను, అంటే చిన్న ప్రోగ్రామును, సంఘం కంప్యూటర్‌లో తయారుచేసింది ఆవిడే. నేను ఆవిడ భర్తను, తెలుగు మాస్టారిని.

ఆ ఫంక్షన్ మర్యాద తెలిసినది. పేరు తప్పనిసరి. ఆపైన గుణగణాలు ఒకటివ్వచ్చు, పదివ్వచ్చు, అసలివ్వకపోవచ్చు. ఇవ్వనప్పుడు ముందే నిర్ణయించిన మాటలు వేసుకుంటుంది. దాన్ని ఏ కంప్యూటర్ భాషలో రాశారో ఆ భాష పద్ధతి ప్రకారం, ఇచ్చినదానికి జవాబు చెబుతుందే తప్ప బయట దేన్నీ కదిలించదు. సంతాప సభలకు ఇంతకన్నా తగిన భాష లేదని సంఘం ఏకగ్రీవంగా గుర్తించింది.

గుణగణాలు ఇవ్వకపోతే "వీరి గురించి మాకేమీ తెలియదు" అని వచ్చేలా మొదట రాసింది క్రిస్టీనా. వరసగా ప్రతి సభలోనూ అదే వచ్చింది. అధ్యక్షులు జనార్దన్ గారు నొచ్చుకున్నారు.

"నిజమేననుకోండి టీచర్‌గారూ, మైకులో చదివితే బాగోదండి."

దాంతో "మృదుస్వభావి, మితభాషి" అని మార్పించారు. అప్పటినుంచి మా సంఘంలో కఠినులెవరూ చనిపోలేదు. పిల్లల వీపులు వాయించిన డ్రిల్లు మాస్టారు గోవిందరాజులు గారు కూడా మృదుస్వభావిగానే వెళ్లారు. ఆయన తీర్మానం విని భార్య భవానీదేవి గారు, "ఈయనెవరో మంచాయన్లా ఉన్నేరు. మావారి సభ ఎప్పుడండీ?" అని అడిగారు.

క్రిస్టీనాకూ సంఘం పేరు మాత్రమే ఇచ్చింది. సభలో జనార్దన్ గారు గంభీరంగా చదివారు. మితభాషి దగ్గర లెక్కల టీచర్ కనకరత్నం గారు ఆగలేకపోయారు.

"మితభాషేంటండీ. స్టాఫ్‌రూములో ఈవిడ వాదన మొదలెడితే, రోడ్డు మీద ముమ్మిడివరం బస్సాయన హారన్ కొట్టడం మానేసేవోడు."

సభ నవ్వింది. నేనూ నవ్వాను.

జనార్దన్ గారు పెద్ద మనసుతో తీర్మానాన్ని సవరణకు వాయిదా వేశారు. "మాస్టారూ, ఎన్ని మాటలిచ్చినా తీసుకుంటదంట కదండీ. మీరే ఇవ్వండి, ఫ్రేము కట్టించి బళ్లో పెడదాం. ఆదివారంలోగా ఇవ్వకపోతే పాతదే పెట్టేత్తామండి."

"ఆయ్," అన్నాను.

ఈలోగా సంఘం ముందుచూపుతో బతికున్న సభ్యులందరి పేర్లూ ఇచ్చి తీర్మానాలు సిద్ధం చేసింది. పక్కవారి గురించి ఒక్క మాటైనా రాసి పంపమని కోరింది. ఎవరూ పంపలేదు. మీరు సభ్యులైతే మీదీ తయారుగా ఉంది. మీరు మృదుస్వభావి.

ఈరోజు ఆదివారం. చర్చి నుంచి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. "గట్టిగా నవ్వేది" అని కొట్టి, చెరిపేశాను. అబద్ధమని కాదు. అదొక్కటే చాలదని.

ఫ్రేము కట్టే మనిషి సాయంత్రం వస్తాడు. క్రిస్టీనా పేరు పక్కన నేనింకా ఏమీ రాయలేదు.