కష్టమైన దారి మొక్కు

శివరాత్రికి ఇంకా పదిహేను రోజులున్నాయనగా, గద్వాల సాలెవాడలో బాలకిష్టయ్య పొద్దున్నే స్నానం చేసి, విబూది పెట్టుకుని, చేతికర్ర తుడుచుకున్నాడు. ఆ రోజు చేయవలసిన పని చాలా తేలిక. పెంటయ్య గుంపుతో కలిసి కర్నూలు మీదుగా శ్రీశైలానికి కాలినడకన బయల్దేరాలి. పెంటయ్య పదకొండేళ్ళుగా ఆ దారిన జనాన్ని తీసుకుపోతున్నాడు. ముందు నడవడం అతని పని, వెనక నడవడం మిగతావాళ్ళ పని. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. అలాంటి చోటే బాలకిష్టయ్యకు ఆలోచనలెక్కువ. మగ్గం గుంతలో కూర్చున్నా సరే, కాలుగాలిన పిల్లిలా గంటకు నాలుగుసార్లు బయటికొచ్చి వీధి చూసిపోయే మనిషి.

మొక్కు సంగతి వాడంతా ఎరుగును. వానాకాలంలో ఆయన భార్య అనంతమ్మకు చలిజ్వరం పట్టుకుంది. దవాఖాన మందుకు లొంగలేదు. మూడు వారాలు మంచం దిగలేదు. ఇక దక్కదేమో అనిపించిన రోజు బాలకిష్టయ్య వాకిట్లోకి వచ్చి, ఇరుగుపొరుగు అందరూ వింటుండగా మొక్కాడు.

"మల్లన్నా, ఈమె లేచి కూసుంటె నీ కొండకు నడిచొస్త. అల్కటి దారి కాదు. కష్టమైన దారి ఏదుంటె గా దారినే వస్త."

ఆ ఏడుపులో అబద్ధం లేదు. నాలుగోరోజు అనంతమ్మ లేచి కూర్చుని సంకటి అడిగింది.

కొండకు నడిచి వచ్చినవాళ్ళ కాళ్ళను ఇంటివాళ్ళు గడప బయటే కడిగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకోవడం ఆ వాడ ఆచారం. మొక్కులో ఆ భాగం బాలకిష్టయ్యకు మరీ నచ్చింది. తన పాదాలు పెట్టుకోవడానికి ఇత్తడి తాంబాళం ఒకటి అనంతమ్మచేత ముందే తోమించి పెట్టుకున్నాడు. తోడుగా నేనూ వస్తానని ఆమె అన్నప్పుడు, మరి కాళ్ళెవరు కడుగుతారన్న బెంగ ఒక్కటే ఆయనకు పట్టుకుంది.

అంతా సిద్ధమైన వేళ అనంతమ్మ తమ్ముడు కురుమూర్తి నోరు విప్పాడు. నాగర్‌కర్నూల్ పక్క పల్లెలో కౌలుసేద్యం చేసుకునేవాడు, ముందురోజే చుట్టపుచూపుగా వచ్చాడు.

"కర్నూలు దాక రైలుంది కద బావ. రైలున్న దారి కష్టమెట్లయితది? కొండకు పోయే మా అమ్రాబాద్ అడవి దారిల పులులుంటయి."

"మేం రైలెక్కం కద."

"మీరెక్కరు. రైలున్నట్టు మల్లన్నకు తెల్వదా?"

బాలకిష్టయ్య గుండెలో రాయి పడింది. తేలిక దారిన పోతే మొక్కు చెల్లదు. చెల్లకపోతే జ్వరం తిరిగి ఎవరిని పట్టుకుంటుందో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. గుంపు కదులుతుండగా పెంటయ్యకు అడ్డం పోయి, ఇరవై మంది ముందు, మన దారి నిజంగా కష్టమైనదేనా అని అడిగాడు. పెంటయ్య కాలెత్తి పగుళ్ళుబారిన మడమ చూపించి, తాళాలు వాయించుకుంటూ గుంపుతో వెళ్ళిపోయాడు.

దాంతో మొగుడూ పెళ్ళాలిద్దరూ కురుమూర్తి వెంట అమ్రాబాద్ దారి పట్టారు. బీచుపల్లి దగ్గర పుట్టిలో కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా మూడోరోజుకు వనపర్తి చేరారు. అక్కడ సత్రం అరుగు మీద ఈరమ్మ అనే ముసలామె కూర్చుని ఉంది. రెండు దార్లూ నడిచిన మనిషి. అడగొద్దని కురుమూర్తి కళ్ళతో చెప్పాడు. బాలకిష్టయ్య అడిగాడు.

"అమ్రాబాద్ దిక్కా? సల్లటి నీడ బిడ్డ. చెంచోళ్ళు దారి సూపిస్తరు, తేనె పెడ్తరు. కర్నూలు దిక్కే, గుక్కెడు నీళ్ళు దొరకయి."

తన దారిలో తేనె పెడతారన్న మాట కురుమూర్తికి తలకొట్టేసినట్టయింది. ముసలామెతో వాదించలేక, బావ మీద అలిగి, శివరాత్రికి తన ఊరి జట్టుతో అమ్రాబాద్ దారిన పోతానని అక్కకు మాత్రం చెప్పి తన ఊరికి పోయాడు. బాలకిష్టయ్య కర్నూలు దారి పట్టడానికి పెబ్బేరు వైపు వెనక్కి తిరిగాడు.

సగం దూరం పోయాక మజ్జిగ పోసిన ఒకామె పులి మాట ఎత్తింది. మళ్ళీ వనపర్తి వైపు. అటునుంచి వస్తున్న బైరాగి దాహం మాట ఎత్తాడు. మళ్ళీ పెబ్బేరు వైపు. పులి, దాహం, పులి, దాహం. ఒకే మైలురాయిని ఆరుసార్లు దాటారు. చేన్లో పల్లికాయ ఏరుకుంటున్న ఒకామె చూసి చూసి, ఏం పోగొట్టుకున్నారని అడిగింది.

"ఇంకా తెల్వదక్క" అంది అనంతమ్మ.

ఆరోరోజు పెబ్బేరులో పశువుల సంత. కనీసం వెయ్యి మంది ఉన్నారు. బాలకిష్టయ్యకు అంతకంటే ఏం కావాలి? ఎద్దుల బేరగాడు వెంకట్రాములును అడిగాడు. అమ్రాబాద్ దారే కష్టం అన్నాడతను. పక్కవాడు కాదన్నాడు. పావుగంటలో సంత రెండుగా చీలింది. ఒక వైపు వాళ్ళు ఒక్కో పులికి ఒక్కో మూర పెంచుతూపోయారు. ఇంకో వైపు వాళ్ళు నీళ్ళు దొరికే చోట్లను ఒక్కొక్కటే ఎండబెట్టారు. ఈ రెండు దార్లలో దేన్నీ తొక్కనివాళ్ళే గట్టిగా అరిచారు. చివరికి వెంకట్రాములు, కొండ ఎక్కుడు ఎట్లుంటుందో చూపించబోయి కర్ర నిలువునా లేపాడు. అది వెనకున్న ఎద్దు ముక్కుకు తగిలింది. ఎద్దు అదిరి, తాడు తెంపుకుని, అంత సంతలో అడుగు పెట్టడానికి బాలకిష్టయ్య కుడిపాదాన్నే ఎంచుకుంది.

పాదం గుమ్మడికాయంత అయింది. ఇక ఏ దారీ లేదు. రెంటికీ చెడ్డ రేవడినైపోయానని తెలిసి బాలకిష్టయ్య సంత నడిమధ్యన కూర్చుని, వానాకాలంలో ఏడ్చినట్టే ఏడ్చాడు.

"ఇంక తొమ్మిది రోజులే ఉంది. నిన్ను మల్ల మంచంల చూడలేనే."

అనంతమ్మ మనసు కరిగింది. ఆరు రోజుల తిప్పల మీద ఉన్న కోపం కూడా కొంత కరిగింది. ఆయన కాలికి పసుపు కట్టు కట్టి, కర్ర తాను తీసుకుని, సద్దిమూట నెత్తికెత్తుకుంది.

"మొక్కింది నా పానం కోసమే కద. నా కాళ్ళు నడిస్తె మల్లన్న వద్దంటడా? మా తమ్ముని జట్టుతోని అమ్రాబాద్ దారిన పోత. వచ్చేటప్పుడు కర్నూలు దారిన వస్త."

పోయేటప్పుడు ఒక దారి, వచ్చేటప్పుడు ఇంకో దారి అన్న మాట అంతమందిలో ఒక్కరికీ తోచలేదు. వెంకట్రాములు చిన్నబోయి, బాలకిష్టయ్యను తన బండిలోనే ఏటిదాకా దింపాడు.

శివరాత్రి పోయిన తొమ్మిదోరోజు పొద్దున, పెంటయ్య గుంపుతో కలిసి అనంతమ్మ సాలెవాడలోకి వచ్చింది. ముఖం నల్లబడింది గాని, మనిషి నిక్షేపంలా ఉంది. వాడంతా వాకిట్లో చేరింది. తాంబాళం తోమి సిద్ధంగా ఉంది. కడగవలసిన ఇంటిమనిషి ఒక్కడే ఉన్నాడు. బాలకిష్టయ్య కుంటుకుంటూ వచ్చి కిందికి వంగి ఆమె కుడిపాదం కడిగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నాడు. కళ్ళు చెమర్చాయి. కాని అడగకుండా ఉండలేకపోయాడు.

"ఇంతకు ఏ దారి కష్టం?"

పెంటయ్య మడమ ముందుకు పెట్టి చెవులు రిక్కించాడు. అనంతమ్మ సద్దిమూట కిందికి దించింది.

"రెండు మంచిగనే ఉన్నయి. కష్టమంటె నీతోని పెబ్బేరు, వనపర్తి నడుమ తిరిగిందే."

బాలకిష్టయ్య రెండో పాదం తాంబాళంలో పెట్టమన్నాడు.