ఫ్రూమా వదిలించుకున్న టోపీ

జెరూసలెంలోని ఆ ఇరుకు సందులో ఫ్రూమా పొద్దున్నే వేసుకున్న పథకం చిన్నదే. సాయంత్రం కూతురి నిశ్చితార్థం. కాబోయే వియ్యంకుడు జెలిగ్ మనిషిని టోపీ చూసి తూచే రకం. మొగుడు గెట్సెల్‌దేమో జిడ్డుకు పుట్టి చెమటకు పెరిగిన టోపీ. అతను కొత్తది తెచ్చేలోపు పాతది మాయం కావాలి. చెత్తలో పారేద్దామంటే, పనికొచ్చే వస్తువును పాడుచెయ్యకూడదని యూదుల ధర్మశాస్త్రంలో ఆజ్ఞ. అందుకని గెట్సెల్ స్నానంలో ఉండగా దాన్ని బస్టాపు బల్ల మీద పెట్టి వచ్చింది.

టీ చల్లారకముందే గుడ్లమ్మే బ్రైనా ఆ టోపీని పసిబిడ్డలా ఎత్తుకొచ్చింది. పోయిన వస్తువు కనబడితే సొంతదారుకు చేర్చాలన్నది మరో ఆజ్ఞ. అలాంటి అవకాశం కోసం ఆ సందంతా కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తుంటుంది. బ్రైనా ముఖం పుణ్యంతో వెలిగింది, ఫ్రూమా ముఖం కోపంతో వెలిగింది.

ఈసారి రొట్టెల కొట్టు వెనక వదిలింది. బడిపంతులు హిర్ష్ తెచ్చాడు. తేవడమే కాదు, సొంతదారు గుర్తులు చెబితేగాని ఇవ్వకూడదంటూ గుమ్మంలో నిలబడ్డాడు. మాది కాదనేలోపు లోపలినుంచి గెట్సెల్ గొంతు వినబడింది.

"లోపల ఎడంపక్కన సూపు మరకుంటుంది పంతులుగారూ. మా పెళ్లినాటిది."

ఫ్రూమా ఒళ్లు మండి ధర్మం చెప్పే మతగురువు రబ్బీ దగ్గరికి పోయింది. "నా ఇంటి చెత్త నేను వదిలించుకోకూడదా గురువుగారూ? వీళ్ల పుణ్యాలకు నా గుమ్మమే దొరికిందా?"

ముగ్గురి ఎదుట ఇక మాది కాదని చెబితే, తిరిగిచ్చే బాధ్యత ఎవరికీ ఉండదని ఆయన గడ్డం నిమురుకుంటూ చెప్పాడు.

ఫ్రూమా ముగ్గురితో సరిపెట్టుకునే మనిషా? బాల్కనీలో నిలబడి సందంతా దద్దరిల్లేలా చెప్పింది.

"ఇవాళ మా టోపీ ఏది కనబడినా మాది కాదు. కావలసినవాళ్లు పెట్టుకోండి. తెచ్చి తలుపు కొట్టారో, జన్మలో మీ గుడ్లు కొనను, మీ బడికి పిల్లల్ని పంపను."

టోపీల కొట్టుకు బయల్దేరిన గెట్సెల్ కింద నిలబడి, మా ఆవిడ మాటే నా మాట అన్నాడు. ఆ వెంటనే పాత టోపీ గాల్లో ఎగిరి సందులో పడింది.

సాయంత్రం గెట్సెల్ రొట్టెతో వచ్చాడు, టోపీ లేకుండా. రొట్టె కొంటూ కొత్త టోపీని కొట్టు బల్ల మీద మరిచాడట. ఫ్రూమా పరుగెత్తింది. బల్ల ఖాళీగా ఉంది. పక్కనే బ్రైనా గర్వంగా నిలబడి ఉంది.

"మీ ఆయన పెట్టిపోవడం చూశాను వదినా. నువ్వన్నట్టే వేలైనా పెట్టలేదు. ఎవరో పెద్దమనిషి అడిగితే, యజమాని లేడు, పెట్టుకోండి అన్నాను."

"పిలిచి ఇవ్వాలని బుద్ధి పుట్టలేదూ?"

"పొద్దున పుట్టింది. దానికేగా అన్ని మాటలన్నావు."

ఇంటికొచ్చేసరికి చుట్టాలు కూర్చుని ఉన్నారు. మధ్యలో గెట్సెల్, నెత్తిన సూపు మరకతో సహా పాత టోపీ.

"వీధిలో పడుంది. యజమాని లేని సొత్తు కదా, నేనే తీసుకున్నా" అన్నాడు తృప్తిగా.

అంతలో జెలిగ్ వచ్చాడు. నెత్తిన నిగనిగలాడే కొత్త టోపీ.

"మీ సందు ధర్మాత్ముల సందు చెల్లెమ్మా. అడగ్గానే ఇచ్చేశారు."

పదిమందిలో మనిషిని సిగ్గుపరచకూడదని ఇంకో ఆజ్ఞ ఉంది. ఫ్రూమా దాన్ని నీళ్లు లేకుండా మింగింది. "భలే అమరింది అన్నయ్యగారూ" అంది.

ఆ పూట టోపీలు పెట్టుకున్నది మగాళ్లిద్దరూ. పెట్టించుకున్నది మాత్రం తలకు గుడ్డ చుట్టుకున్న ఫ్రూమా.