ఓవర్సీరు గారి అల్లికల పుస్తకం

మే నెలలో, కర్నూల్లో, ఊలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తే ఎవరికైనా రెండే అనుమానాలు వస్తాయి. చలిజ్వరమైనా వచ్చి ఉండాలి, మతైనా పోయి ఉండాలి. మహాదేవమ్మకు ఆ రెండూ లేవు. మొగుడున్నాడు.

మొగుడి పేరు బసవరాజు. రోడ్లూ వంతెనలూ కట్టించే ఓవర్సీరు. ఊరంతా ఆయన్ని కొలబద్ద బసవరాజు అంటుంది. అన్నం ముద్ద కూడా ఎన్ని అంగుళాలుందో చూసుకుని గానీ నోట్లో పెట్టుకోడని ప్రతీతి. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన క్యాంపు పోయిన ప్రతి చోటికీ భార్యను వెంట తీసుకుపోయాడు. దేశం చూపిద్దామని కాదు. క్యాంపు బంగళా వంటమనిషి చేతి కూడు ఆయన కడుపుకు పడదు.

అట్లా మహాదేవమ్మ గండికోట చూసింది, ఆదోని చూసింది, అహోబిలం చూసింది. చూడడమంటే బండి వెనక కాళ్ళు వేలాడేసుకుని, ఒళ్ళో క్యారియరు పెట్టుకుని, దాటి వచ్చినవన్నీ చిన్నవైపోతుంటే చూడడం. ఆయన కల్వర్టు కొలిచేలోపు ఈమె ఎసరు పెట్టేది. ఎసరు కాగేలోపు ఎదురుగా కనిపించే మినారుకు ఎన్ని అంతస్తులో, గోపురానికి ఎన్ని వరసలో లెక్కపెట్టుకునేది. ఇల్లు చేరాక ఆ లెక్కను ఊలులోకి దించేది. చిన్నప్పుడు మిషను బళ్ళో టీచరమ్మ నేర్పిన విద్య అది.

ఆయన ఆఫీసు గళ్ళ కాగితాలే కుట్టి ఒక పుస్తకం చేసుకుంది. ఒక్కో గడి ఒక్కో కుట్టు. రంగు ఊలు పడాల్సిన చోట ఇంటూ గుర్తు. స్వెట్టరును నడుము దగ్గర మొదలుపెట్టి మెడ దాకా పైకి అల్లుతారు కదా, ఆమె అల్లే క్రమంలోనే రాసుకునేది. కాగితం మీద పై వరస పునాది, అడుగు వరస కలశం. అందుకని ఆ పుస్తకంలో కోటలన్నీ తలకిందులుగా ఉండేవి. అల్లితే మాత్రం నిటారుగా నిలబడేవి.

ఆ ఏడు పెద్ద ఇంజినీరు దొరగారి భార్య యుద్ధనిధి కోసం ఊలు బట్టల ప్రదర్శన తలపెట్టింది. ముప్పై మంది ఆడవాళ్ళకు ఊలు పంచి, కొత్త నమూనాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని అడిగింది. అదే నెలలో దొరగారి ఆఫీసులో ఒక పై ఉద్యోగం ఖాళీ అయింది. ఈ రెండింటికీ మధ్య దూరాన్ని బసవరాజు కొలిచాడు.

"మహాదేవీ, నీ గళ్ళ పుస్తకం ఒగసారి ఇయ్యి."

"ఎందుకు? దాంట్లో అంగుళాలు లేవే."

"దొరసానికి చూపిస్తా. ఆయమ్మ అచ్చేపిస్తాదంట."

మహాదేవమ్మ చేతిలో సూదులు ఆగిపోయాయి. "అచ్చులోనా? నా పేరుతోనా?"

"పేరుదేముండాది లేవే, చూస్తాం."

"చూసేదేం లేదు. అట్ట మీద మహాదేవమ్మ అని ఎయ్యండి. నాకు చీరొద్దు, సొమ్మొద్దు. అదొక్కటి చాలు."

"సరే, సరే," అన్నాడు బసవరాజు. పునాది తవ్వకముందే వంతెన పూర్తయిందని రిపోర్టు రాసే గొంతుతో.

నెల తిరక్కుండా పుస్తకం వచ్చింది. 'రాయలసీమ కట్టడాల అల్లికలు. రూపకల్పన: శ్రీ బసవరాజు గారు, ఓవర్సీరు.' అట్ట వెనక చీమ తలకాయంత అక్షరాల్లో 'సహాయం: ఇంటివారు.'

"నా పేరు యాడుండాది?"

"ఇదో, ఇంటివారు అని ఉండాది కదా!"

"ఇంటివారంటే కొట్టంలో కట్టేసిన ఎనుము కూడా వస్తాది."

"ఆడదాని పేరు అట్ట మీద ఏస్తే నలుగురేమనుకుంటారే? మేస్త్రీ గోడ కడతాడు. ఎవరు కట్టించిందంటే ఓవర్సీరనే అంటారు. లోకమే అట్లుండాది."

"ప్లాను నాది కదా?"

"శానా గొప్ప ప్లానే! కోటలన్నీ తలకిందులుగా గీసి పెట్నావు. పునాది ఆకాశంలో, కలశం పాతాళంలో! నేను కూర్చోని ఒగటొగటే తిరగేసి, నిలబెట్టి గీసినా. నేను చూడకుంటే పరువు పోయుండును."

మహాదేవమ్మ పుస్తకం తెరిచింది. నిజమే. కోటలన్నీ బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ప్రతి బొమ్మ కింద ఆమె రాసుకున్న మాటే, అక్షరం పొల్లు పోకుండా: 'పై వరసతో మొదలుపెట్టి, వరస వెంట వరసగా కిందికి రావలెను.'

అంటే ముప్పై మందీ నడుము దగ్గర కలశం అల్లుతారు. మెడ దగ్గర పునాది వేస్తారు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. పుస్తకం మూసి ఇంకోసారి అట్ట చూసింది. మాట వచ్చిన దారినే వెనక్కి పోయింది.

"బాగా నిలబెట్నారు," అంది.

పది రోజుల తర్వాత పక్కింటి రహమత్ బీ సగం అల్లిన స్వెట్టరు పట్టుకుని పరుగున వచ్చింది. "అక్కా, ఇది చూడు. గండికోట మినారు నేల్లోకి పొడుచుకోని పోతాండాది!"

"బుక్కులో ఎట్లుంటే అట్లే అల్లు. ఓవర్సీరు గారు కొలిచి ఏసింది."

"ఓవర్సీరు సాబా? ఇది నీది కాదా?"

"అట్ట మీద ఎవరిదని ఉండాదో చదివిపిచ్చుకో."

"నాకు చదువు రాదక్కా. కుట్టు వస్తాది. ఈ కుట్టు నీదే," అంది రహమత్ బీ.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. మహాదేవమ్మ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి పోయింది. పొయ్యి మీద పాలు లేవు.

మిగతా ఇరవై తొమ్మిది మందిలోనూ కొందరికి అనుమానం రాకపోలేదు. కానీ అచ్చయినదాన్ని, అందులో దొరసాని వేయించినదాన్ని, కాదనే ధైర్యం ఎవరికుంది? తెల్లోళ్ళ కండ్లకు మన కోటలు ఇట్లనే కనపడతాయేమో అని సరిపెట్టుకున్నారు.

ప్రదర్శన నాడు తాడు కట్టి ముప్పై స్వెట్టర్లూ ఆరేశారు. ముప్పై కోటలూ గబ్బిలాల్లాగా వేలాడుతున్నాయి. కొండారెడ్డి బురుజు బావిలోకి దిగే బొక్కెనలా ఉంది. ఆదోని మసీదు మినార్లు రెండూ భూమిలో నీళ్ళు వెతుకుతున్నాయి.

దొరసాని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచి, బసవరాజు ముందు ఆగింది. "ఓవర్సీర్, నా కోటలు ఎందుకు పడిపోయినాయి?"

దొర చుట్ట నోట్లోంచి తీశాడు. "ఇతను కట్టించిన వంతెనలన్నీ నేను ఒకసారి చూడవలె," అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. బసవరాజు మొహంలో రక్తం సూదిమొనంత కూడా మిగల్లేదు.

"దొరా! ఇది నాది కాదు దొరా! అంతా మా ఆడమనిషి పుస్తకం. గీతలు ఆయమ్మవి, లెక్కలు ఆయమ్మవి, కోటలు ఆయమ్మవి. నేను ఉత్త నకలు తీసినా!"

పేరు ఇమ్మంటే ఇవ్వనివాడు, ఇప్పుడు అడక్కుండానే ఊరంతా వినేట్టు ఇచ్చేశాడు.

దొరసాని పక్కనున్నవారిని ఆమె పేరడిగి, ఆడవాళ్ళ వైపు తిరిగింది. "మహాదేవమ్మా, ఈ పుస్తకం నీదా?"

ఆమె పేరును అంతమందిలో అంత గట్టిగా ఎవరూ ఎన్నడూ పలకలేదు. అవును అంటే చాలు, పుస్తకం తనదైపోతుంది. దాంతోపాటు ఈ ముప్పై గబ్బిలాలూ తనవే అవుతాయి. తాడు ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. తాను కట్టిన కోట ఒక్కటీ లేదు. తాడు వెనక నిలబడిన రహమత్ బీ మాత్రం తననే చూస్తోంది. అటువైపు చూడలేకపోయింది.

"నేను యాడ చూసినానమ్మా కోటలు? బండెనక కూర్చోని క్యారియరు పట్టుకునేదాన్ని. నాకు వంట తప్ప ఏం రాదు. అంతా ఆయప్పదే. అట్ట మీదనే రాసుండాది కదమ్మా," అంది.

అందరూ గొల్లున నవ్వారు. దొరసాని నవ్వలేదు. అట్ట మీద ఎవరి పేరుంటే వారే విప్పవలె, ఊలు పాడు కాకుండా ఎవరి ఊలు వారికి ఉండలు చుట్టి ఇవ్వవలె అని తీర్పు చెప్పింది. వంతెనలు చూసి వచ్చేదాకా పై ఉద్యోగం మాట ఎత్తవద్దని దొర చెప్పాడు.

మర్నాడు పొద్దున్నుంచే బసవరాజు అరుగు మీద ముప్పై స్వెట్టర్ల మధ్య కూర్చున్నాడు. చెమటకు ఊలు మీసాలకు అంటుకుని, ఆయన ఏదో కొత్త రకం గొర్రెలా ఉన్నాడు. దారిన పోయేవాళ్ళందరూ ఆగి, క్షేమం అడిగి మరీ పోతున్నారు.

"ఓవర్సీరు సాబ్, అట్ల లాగద్దండి, తెగుతాది," అని గోడ మీంచి రహమత్ బీ చెప్పింది. మహాదేవమ్మ గుమ్మంలోకి రాగానే లోపలికి పోయింది.

మధ్యాహ్నానికి ఆరు ఉండలయ్యాయి. మహాదేవమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"అవునని ఒక్క మాట అనుంటే నీ పేరు వచ్చుండును కదే," అన్నాడు బసవరాజు.

"దేనికి? పడిపోయిన కోటకా?"

ఆయన మజ్జిగ తాగాడు. "అచ్చయిన పొద్దే చూసినావు కదూ నువ్వు?"

"చూసినా."

"మరి చెప్పకపోతివే?"

"ఇంటివారు ఓవర్సీరుకు చెప్తారా యాడన్నా?"

బసవరాజు తల వంచుకుని ఇంకో కొస వెతుక్కున్నాడు. కాసేపటికి ఒక స్వెట్టరు ఆమె వైపు జరిపాడు. "వేళ్ళు మంటలు పుడతాండాయి. ఇదొగటన్నా విప్పి పెట్టవే."

అది గండికోట. నలభై రెండు వరసలు. మహాదేవమ్మ మెడ దగ్గర కొస పట్టుకుని లాగింది. ముందు పునాది పోయింది. తర్వాత ఒక్కో అంతస్తే పోయింది. దేని మీదా నిలబడకుండా కలశం ఒక్కటే కొంతసేపు ఆమె ఒళ్ళో ఉంది. తర్వాత అదీ దారమైంది. అన్నం ఉడికే పాటి సేపు కూడా పట్టలేదు.

ఉండ చుట్టి గంపలో వేసింది.

"ఇది ఎవరిదే?" అన్నాడు బసవరాజు, చీటీ కట్టడానికి పెన్సిలు తీసుకుంటూ.

"ఊలు రహమత్ బీది," అంది మహాదేవమ్మ. "అల్లిక ఎవరిదో అట్ట మీద చూసి రాసుకోండి."