లీల ఇంట్ల హోమం బడి

తల్లిదండ్రులంత ప్రమాదమైన మనుషులు ఈ లోకంల ఇంకెవ్వరు లేరు! వాళ్ల చేతులకెల్లి పిల్లలను కాపాడేతందుకే బడులు పుట్టినయ్. పొద్దుగాల ఏడు గంటలకు పసుపు వ్యాను వచ్చి గల్లీల హారన్ కొడుతది సూడున్రి, అది హారన్ కాదు. పిల్లలకు విడుదల గంట!

కోపం తెచ్చుకోకున్రి. నిమ్మలంగ ఆలోచన చెయ్యున్రి. పిల్లకు పాలిచ్చుడు, ముక్కు తుడుసుడు, నడక నేర్పుడు, గివన్ని తల్లి చేసుకోవచ్చు. చిల్లర పనులు. మూడేండ్లు తిరిగేసరికి పిల్లకు తెలుగంత తల్లే నేర్పిందంటరా? సామెతలు, తిట్లు సుత నేర్పిందంటరా? నేర్పితే నేర్పింది. దానికి టై ఉన్నదా? బెల్టు ఉన్నదా? మెడల ఐడీ కార్డు ఉన్నదా? మరి అదేం చదువు!

ఈ సంగతి తెల్వకనే సిరిసిల్లల లీల అనే తల్లి ఆగమైంది.

లీల పెనిమిటి వెంకటేశం. సాంచాలు నడుపుతడు. పొద్దంత ఆ మరమగ్గాల చప్పుడుల ఉండి ఉండి, ఇంట్ల ఆయన గుసగుస పెట్టినా వాడకట్టంత ఇంటది. వాళ్లు ఏసును నమ్ముకున్నోళ్లు. ఆయనకు రేషన్ కార్డుల పేరు వెంకటేశం, చర్చిల పేరు యోహాను. ఎట్ల పిలిచినా పలుకుతడు. పెండ్లాం పిలిస్తె మాత్రం రెండోసారికి పలుకుతడు. ఒక్కతే బిడ్డ, అక్షిత. బ్రహ్మాండం గ్లోబల్ టెక్నో స్కూల్ల మూడో తరగతి. ఒకటో తరగతి సంది ఫస్ట్ ర్యాంకే! తల్లికి ఇంకేం కావాలె?

ఒక ఆదివారం చర్చిల పాస్టరయ్య అక్షితను ముందటికి పిలిచి వాక్యం చదువుమన్నడు. పిల్ల పుస్తకం పట్టుకొని గడగడ చదివింది. ఒక్క తప్పు లేదు. సంఘమంత స్తోత్రం అన్నది. ముసలోళ్లు కండ్లు తుడుచుకున్నరు. లీల సుత కొంగు ఎత్తింది, ఎత్తి ఆగిపోయింది.

పిల్ల చేతిల పుస్తకం ఉల్టా ఉన్నది!

ఇంటికచ్చి, తలుపు దగ్గరికేసి, బిడ్డను ఒళ్లె కూసోబెట్టుకొని పుస్తకంల ఒక మాట మీద వేలు పెట్టింది. ‘నీళ్లు’ అని ఉన్నది. పిల్ల ఆ మాట దిక్కు చూడలె, తల్లి మొకం దిక్కు చూసింది.

"గొర్రె?" అన్నది.

తల్లి మొకం మారంగనే, "కాదు కాదు, దేవదూత!" అన్నది. ఆఖరికి బతిమిలాడుకుంట, "పేజీ నంబరు చెప్పు మమ్మీ, పేజీ మొత్తం చెప్త" అన్నది.

మూడు తరగతులు ఫస్ట్ ర్యాంక్. ఒక్క మాట చదువరాదు. బడిల అందరితోటి అరిచి అరిచి, చర్చిల వాక్యం ఇని ఇని, ఇన్నది ఇన్నట్టు పట్టేసింది. లీలకు ఏడుపాగలె. ఇంత తెలివి ఉన్న పిల్లకు ఇంత మోసమా అని ఆమె బాధ.

తెల్లారి బడికి పోయి కరస్పాండెంట్ రాజలింగం సారును నిలదీసింది. ఆయన ఎంత ఓపికగ చెప్పిండో ఇనున్రి. "మేడం, మేం కాన్సెప్ట్ చెప్తం. అక్షరాలు అనేటివి బేసిక్. బేసిక్ ఇంటికాడ మీరే చూసుకోవాలె."

"అయితె మొత్తం నేనే చూసుకుంట సారూ" అన్నది లీల. అని, బిడ్డ చెయ్యి పట్టుకొని ఇంటికచ్చింది.

చూసిన్రా తలబిరుసు! పదో తరగతి పాసైన ఆడామె, సాంచాలకు నూలు కండెలు చుట్టుకొని బతికేటామె, ఏసీ గదిల కూసున్న సారుకు ఎదురు జవాబు చెప్పుడేంది? దీని వెనుక ఇంకొకామె ఉన్నది. కోరుట్లల ఉండే అక్క, రజని. ఆమె పోయే చర్చిల ఒక కుటుంబమోళ్లు పిల్లలకు ఇంటికాడనే చదువు చెప్పుకుంటున్నరట. దాన్ని హోం స్కూల్ అంటరట.

"అందరు నవ్వుతరేమో అక్కా" అన్నది లీల ఫోన్ల.

"నవ్వనియ్. దేవుడు బిడ్డను నీ ఒళ్లె పెట్టిండా, వ్యాన్ల పెట్టిండా?"

వెంకటేశం మాత్రం లొల్లి పెట్టిండు. లోకమంత పిచ్చిదై నువ్వొక్కదానివే తెలివిగల్లదానివా అన్నడు. లీల జంకలె. "రేపు దేవుని ముందట నిలవడ్డప్పుడు, బిడ్డకు ఏం నేర్పినవని నన్నే అడుగుతడు. కరస్పాండెంటును అడుగడు" అన్నది. దేవుని పేరు తీసినంక ఆయన ఏమంటడు? "క్రిస్మస్ దాక చూస్త. అప్పటికి చదువు రాకుంటె మళ్ల వ్యాను ఎక్కియ్యాలె. మాటియ్యి" అన్నడు. లీల మాట ఇచ్చింది.

ఇగ చూడున్రి ఆ బడి అవతారం! స్టీలు పళ్లెం మీద గరిటె కొడితె బెల్లు. ముందుగల ప్రార్థన. అటెన్క అటెండెన్స్. "అక్షితా!" "ప్రెజెంట్ మమ్మీ!" ఉన్నది ఒక్కతే పిల్ల, తప్పిపోతదా? సాంచాల మీద దిగిన బట్ట మీటర్లు కొలుచుడు లెక్కలట. కూరగాయలకు పోవుడు తెలుగు పీరియడట. పావుగంట తొవ్వకు గంట పట్టేది, ప్రతి దుకాణం బోర్డు కాడ ఆగుడే! బేకరీ బోర్డు కాడ మాత్రం పిల్ల రెండుసార్లు చదివేది.

ఒకనాడు పిల్ల అడిగింది, "పట్టపగలు చందమామ ఎందుకు కనవడుతడు మమ్మీ?" అని. లీల ఏమన్నదో ఎరుకనా? "నాకు తెల్వదు బిడ్డా, ఇద్దరం తెలుసుకుందం" అన్నది! అయ్యో, అయ్యయ్యో! సారన్నోడు ఎన్నడన్న నాకు తెల్వదు అంటడా? గోడ కుర్చీ ఏపిస్తడు గని!

వాడకట్టోళ్లు అడిగితె లీల మొదట్ల పిల్లకు జరం అన్నది. నాలుగు నెలలు అదే జరం. అంతంత జరం ఎక్కడన్న ఉంటదా? అబద్ధం ఆడి ఆడి ఆమెకు ప్రార్థనల కండ్లు మూసుకునే మొకం లేకుంటయింది. అందుకే డిసెంబర్ పడ్డంక పక్కింటి ముత్తమ్మ అడగంగనే నిజం చెప్పేసింది.

"ఏందే బిడ్డా, పిల్ల జరం ఇంక తగ్గలేదా?"

"జరం లేదత్తా. ఇంట్లనే హోం స్కూల్ పెట్టినం."

ముత్తమ్మకు చెవులు జెర మందం. పైగ చుట్టూ సాంచాల చప్పుడు. ఆమెకు ఇనవడ్డది, ‘ఇంట్లనే హోమం స్కూల్ పెట్టినం’ అని!

ఇగ ఆగుతదా? పగటాల్లకు కండెలు చుట్టే ఆడోళ్లందరికి తెలిసింది. మాపటాల్లకు చర్చి దాక పోయింది. ఏసును నమ్ముకున్నోళ్ల ఇంట్ల హోమమట! పంతులు ఎములాడ గుడికెల్లి వస్తున్నడట! యోహాను మళ్ల వెంకటేశం అయిండట!

తెల్లారి లీల పళ్లెం మీద బెల్లు కొట్టిందో లేదో, ముత్తమ్మ దిగింది. ఒక చేతిల నెయ్యి డబ్బ, ఇంకో చేతిల రావి పుల్లల కట్ట. "మంచి పని పెట్టుకున్నవ్ బిడ్డా. మా మనుమడు హరీశ్‌గాన్ని గూడ కూసోబెట్టు. వానికి సదువు అబ్బుతలేదు" అన్నది.

ఆమె ఇంక గడప దాటనే లేదు, పాస్టరయ్య వచ్చిండు. ఇద్దరు సంఘ పెద్దలను ఎంబడేసుకొని, పొద్దటిసంది ఉపవాసం ఉండి మరీ వచ్చిండు. "యోహానూ, నీ ఇంట్ల ఏంది నాయినా ఈ హోమం?" అన్నడు. అనుకుంట ముత్తమ్మ చేతిల నెయ్యి చూసిండు. చూసి గోడకు ఒరిగిండు.

వెనుకనే బట్టలు కుట్టే సకీనాబీ ఉరికచ్చింది. ఆమెకు హోమం ముచ్చట తెల్వదు, హోం అన్న మాటే చెవిల పడ్డది. హోం అంటె ఆమెకు తెలిసింది దిక్కులేని పిల్లలను ఉంచేదే. "హాయ్ అల్లా! బంగారమసొంటి పిల్లను హోంల ఏస్తున్నరట! ఏం తక్కువైంది లీలా? నాకియ్యి, మా మనుమరాలు నిఖత్‌తోటి పెంచుకుంట!" అని అక్షితను గట్టిగ పట్టుకొని శోకం పెట్టింది.

ఒకదిక్కు నెయ్యి, ఒకదిక్కు ఉపవాసం, ఒకదిక్కు ఏడుపు. వెంకటేశంకు ఎవ్వలకేం చెప్పాల్నో సమజ్ కాలె. "కూసోన్రి!" అన్నడు. ఆ గొంతుకు అందరు దబ్బున కూసున్నరు.

లీల చేతులు జోడిచ్చి చెప్పింది. "హోమం కాదత్తా. అనాథల హోం కాదు సకీనాబీ. హోం అంటె ఇల్లు. నా బిడ్డకు నా ఇంట్ల నేనే చదువు చెప్తున్న, అంతే."

అటెన్క ముగ్గురు ఒక్కసారే అన్నరు, "ఇంట్ల చదువా? అదేం చదువు!"

వాడకట్టుల మూడు మతాలోళ్లు ఒక్క మాట మీదికి వచ్చుడు అదే మొదటిసారి. చదువుల తల్లి అంటె బడే కద!

"అత్తా, మామకు మగ్గం ఎవ్వలు నేర్పిన్రు?" అన్నది లీల.

"వాళ్ల నాయిన నేర్పిండు. అయితేంది?"

"సకీనాబీ, నిఖత్‌కు అరబీ నువ్వే నేర్పుతున్నవ్ కద? అయ్యగారూ, మీకు ప్రార్థన చేసుడు మీ అమ్మ నేర్పిందని మొన్ననే ప్రసంగంల చెప్పిన్రు కద?"

"అది ఏరు, ఇది ఏరు!" అన్నరు అందరు.

గప్పుడే గల్లీల హారన్. పసుపు వ్యాను దిగి రాజలింగం సారు వచ్చిండు. చేతిల పిల్లను మళ్ల బడిల చేర్చే ఫారం. ఇంట్ల ఇంతమందిని చూసేసరికి ఆయనకు హుషారు ఎక్కింది.

"పిల్ల భవిష్యత్తు మట్టిల కలుపుతున్నరు మేడం. మీ కండ్ల ముందటనే చూపిస్త. అక్షితా! సైన్స్, పేజీ నలభై రెండు!"

పిల్ల నోరు తెరిచింది. ఏం రాలె.

"మరిచిపోయిన సార్" అన్నది.

"ఇన్నరా! నాలుగు నెలల్ల ఫస్ట్ ర్యాంక్ పిల్లను ఏం చేసిన్రో!" అన్నడు సారు. ముత్తమ్మ చ్చొచ్చొచ్చొ అన్నది. పాస్టరయ్య కండ్లు మూసుకున్నడు.

వెంకటేశం తల దించుకున్నడు. "ఇగ చాలు తియ్యి లీలా. సంతకం పెట్టు" అని మెల్లగనే అన్నడు గని వాడకట్టంత ఇన్నది.

లీల, నా బిడ్డను నేనే ఖరాబు చేసిన్నా అనుకున్నది. ఇచ్చిన మాట ఉన్నది, ఇంతమంది ముందట ఏమని కొట్లాడుతది? చేతిలకు పెన్ను తీసుకున్నది. రాజలింగం సారు ఫారం తీసి పీట మీద పెట్టిండు. సంబురంల ఉల్టా పెట్టిండు.

అక్షిత సకీనాబీ ఒళ్లెకెల్లి చెయ్యి చాపింది. ఫారం పట్టుకొని సీదా తిప్పింది.

లీల చేతిల పెన్ను ఆడ్నే ఆగింది. పిల్ల ఏం చేసిందో ఇంకెవ్వలు చూడలె. లీల ఒక్కతే చూసింది.

"చదువు బిడ్డా" అన్నది.

ఫారంల సంతకం పెట్టే జాగకు పైన, చీమ తలకాయంత అక్షరాలతోటి ఏందో రాసి ఉన్నది. పిల్ల వేలు పెట్టి కూడబలుక్కుంట చదివింది. "ని... బం... ధన పన్నెండు. వి... ద్యార్థికి చదువుట, వ్రాయుట నేర్పు బాధ్యత తల్లి... దండ్రులది. ప్రతి దినము రెండు గంటలు ఇంటి వద్ద బో... ధించవలెను. బోధించని యె... యెడల ఫలితములకు పాఠశాల బాధ్యత వ... వహించదు."

చదివి తలెత్తింది. "యెడల అంటె ఏంది మమ్మీ?"

లీల బిడ్డను గుంజుకొని ఎదకు అదుముకొని ఏడ్చింది. వచ్చింది, నా బిడ్డకు చదువు వచ్చింది అని ఏడ్చింది. సకీనాబీ ఎందుకో తెల్వకుంటనే మళ్ల మొదలుపెట్టింది.

వెంకటేశం ఫారం అందుకొని చూసిండు. "అయితె సారూ, మీది సుత హోం స్కూలేనా?" అన్నడు. ఈసారి ఆయన మెల్లగ అనాలని చూడలె.

"అది... ఫార్మాలిటీ" అన్నడు రాజలింగం సారు. వ్యాను హారన్ కొట్టకుంటనే పోయింది.

వాడకట్టు పిల్లలందరు గా బడిలనే. ముత్తమ్మ లేచి ఇంటికి పోయింది, హరీశ్ ఫారం తెచ్చింది. "నాకు చదువరాదాయె, ఏలుముద్ర ఏసిన. మాదాంట్ల ఏమున్నదో చెప్పు బిడ్డా" అన్నది. సకీనాబీ నిఖత్‌ది తెచ్చింది. పాస్టరయ్య ఇద్దరు కొడుకులవి తెప్పిచ్చిండు. ఆయన డిగ్రీ చదివిండు, అయినా అప్పట్ల చదవకుంటనే సంతకం పెట్టిండు. మధ్యాహ్నం దాక తొమ్మిదేండ్ల పిల్ల పీట మీద కూసొని, వాడకట్టుల పెద్దలందరికి నిబంధన పన్నెండు చదివి ఇనిపిచ్చింది. ‘వహించదు’ కాడికి వచ్చేసరికి తడవడుడు సుత పోయింది.

ముత్తమ్మ నెయ్యి వాపసు తీస్కపోలె. "హోమం గాకుంటె మానె, పిల్లకు అన్నంల ఎయ్యి" అన్నది.

ఇంత జరిగినా నా మాట నేను మార్చుకోను. తల్లిదండ్రులు పిల్లలకు ఇంట్ల చదువు చెప్పుడు ముమ్మాటికి తప్పు! పొద్దుగాల తొమ్మిదింటికి చెప్తె తప్పు. మాపటికి ఆరింటికి చెప్తె మాత్రం దాన్ని హోం వర్క్ అంటరు, అది మన బాధ్యత. రెండిట్ల ఉన్నది హోమే కద అని తెలివి మీరి అడగకున్రి.

ఇంకా చానా రాయాలని ఉండె గని టైం లేదు. మావాడు మూడో తరగతి. రేపటికి సౌరకుటుంబం బొమ్మ చేసుకరమ్మన్నరు. థర్మాకోల్ కోసం జగిత్యాలంత తిరిగిన, దొరకలె. ఊరంత తండ్రులు నాకన్న ముందే కొనుక్కపోయిన్రు. మావాడు పక్కన కూసొని సెల్‌ఫోన్ చూస్తున్నడు. పొయినసారి చార్మినార్‌కు నాకు బి గ్రేడే వచ్చింది. ‘ఇంకా శ్రద్ధ అవసరం’ అని మేడం ఎర్ర పెన్నుతోటి రాసింది.

ఈసారి సుత ఏ గ్రేడ్ రాకుంటె, నన్ను బడి మానిపిచ్చి లీల కాడ ఏస్తనని మా ఇంటామె అంటున్నది.